ఇంకా పండలేదంట

గమ్మునుండు. మాట్లాడొద్దనింది నేను కాదు, నర్సమ్మ షైలజ అనింది. గొంతెత్తకూడదు, దగ్గకూడదు, తల తిప్పకూడదు. పొద్దున ఆపరేషన్ సేసిన కన్ను, ఒత్తిడి తగిలితే పాడైపోతాదంట. మధ్యాన్నం నుంచి మూడుతూర్లు సెప్పిపోయింది ఆ పాప. నువ్వేమో నోరు తెరుస్తానే ఉండావు. నీళ్లు సల్లగా లేవంటావు, దిండు ఎత్తు తక్కువంటావు, ఫ్యాను పక్క మంచానికే తిరుగుతాదంటావు.

నలభై రెండేండ్లు నువ్వు మాట్లాడినావు, నేను గమ్మునుండినా. ఈ పొద్దు ఒక్క మధ్యాన్నం నేను మాట్లాడతా. మదనపల్లికి తెచ్చి ఇంత మంచి ఆస్పత్రిలో ఏస్తే, డాక్టరమ్మే నీ నోటికి తాళమేసింది. నా బతుకులో ఎవురూ నాకింత మేలు సేయలే.

ఏంది ఆ సెయ్యి తడమడం? నేను ఆ పక్క లేను. ఈ పక్కకొచ్చి స్టూలేసుకోని కూర్చునుండా. సెయ్యి అందదులే.

ఇనపడతాందా, ప్రమీల నాయనా?

అవును, అట్లే పిలిచినా. ఇంకోతూరి పిలుస్తా. ప్రమీల నాయనా. పెండ్లాము మొగుని పేరు ఎత్తకూడదు, బిడ్డ పేరు పెట్టి పిలవాల. మనకుండేది ఒక్క బిడ్డ. ఆ పేరు ఇంట్లో ఇనపడితే కత్తి తీస్తానంటివి. ఇంక నిన్ను ఏమని పిలవాల? పదమూడేండ్లుగా 'ఇదో', 'ఇదో' అంటానే బతికినా. మనింట్లో గొర్రెకైనా ఒక పేరుండాది.

ఆ పక్క మంచం పాపయ్యకు తెల్లారి కట్టు ఇప్పినారు. నువ్వు లోపల ఆపరేషన్లో ఉండావు అప్పుడు. ఇప్పంగానే ఏం సేసినాడో తెలుసునా? పెండ్లాము మొగం రెండు సేతల్తో పట్టుకోని, "ఏమే, ఇంత ముసిలిదానివి ఎప్పుడైనావే" అన్నాడు. వార్డంతా నవ్వింది. నేనూ నవ్వినా. నవ్వి, కుళాయి తావకు పోయి మొగం కడుక్కోని వచ్చినా.

సరే, ఇను. మొదటి నుంచి సెప్తా. నీకు తెలిసిందే కొంత, అయినా నా నోటితో ఇను.

ప్రమీల నర్సు సదువుకు పోయింది. ఆడ రక్తం పరీక్షలు సేసే ఆల్విన్ను సూసుకునింది, సేసుకునింది. ఆ పిలగోడు ఇమ్మానుయేలు పాస్టరు కొడుకు. తాగడు, తిట్టడు. వాళ్లది చర్చి, మనది గుడి, అంతే కదా తేడా. నువ్వేం సేస్తివి? బతికుండే బిడ్డకు గుండు కొట్టించుకుంటివి. కురబలకోటలో గుండు గీసేటాయన "ఎవురు పోయినారు కదిరప్పా" అని అడిగితే "కూతురు" అంటివి. పదకొండో దినం పొట్టేలు కోసి ఊరికి సంగటి పెడితివి. ఆ కూర నేనే వండినా. నా బిడ్డ దినానికి నేనే మసాలా నూరినా, అది కుప్పంలో కాపురం సేస్తాండంగా.

రెండేండ్లకు దానికి ఆడబిడ్డ పుట్టింది. ఇందు. పక్కింటి బయ్యమ్మ కూతురి సీమంతమని నీకు అబద్ధం సెప్పి కుప్పం బస్సెక్కినా. మూడు దినాలుండి వచ్చినా. ఎవురు మోసినారో నీకు, నేను వాకిట్లోకి వచ్చేతలికి అంతా తెలిసుండాది.

ఆ దినం నువ్వు గొర్రెపిల్లలకు సెవులు కోస్తాండావు. ఎడమ సెవి అంచున రెండు గాట్లు, మీ నాయన కాలం నుంచి మన మందకు అదే గుర్తు. పిల్లను కాళ్ల సందున ఇరికించుకోవాల, సెవి సాగదీయాల, కసక్కున రెండు కోతలు, పైన పసుపు. నేను సంచి దించినా. నువ్వు ఒక్క మాట అడగలే. జుట్టు పట్టి కిందికి లాగి, గొర్రెపిల్లను ఇరికించుకున్నట్లే నా తల ఇరికించుకుంటివి. "మంద తప్పిపోయే గొర్రెకు గుర్తుండాల. ఈతూరి పోతే ఎవురిదో తెలుస్తాది" అంటివి.

పసుపు కూడా నువ్వే పెడితివి. ఆ సంగతి మర్సిపోలే నేను.

గమ్మునుండు. దగ్గొద్దు. దగ్గితే ఒత్తిడి.

నీకుండేదే ఒక కన్ను. కుడిది సిన్నప్పుడే కంప ముల్లు గుచ్చుకోని పోయింది. కరోనాకు ముందు ఏడాది ఎడమదానికి పొర కమ్మింది. అంగళ్లు ఊర్లో కంటి క్యాంపు పెట్టినారని నేనే తోలుకోనిపోతి. అప్పటికి నా మనసులో ఏమీ లేదు, నిజ్జంగా. నువ్వు బయట వరసలో ఎవురితోనో కొట్లాటకు దిగుంటివి, ముందు నేనొచ్చినా నేనొచ్చినా అని. డాక్టరు నన్ను పిలిసి సెప్పినాడు. "శుక్లం బాగా కమ్మింది, ఈ వారమే పంపించు, బస్సు మాదే, బువ్వ కూడా మేమే పెడతాం, మూడో దినానికి గింజలు ఏరుకునేంత సూపొస్తాది" అని.

నేను బయటికి వచ్చినా. "ఏమనిరి" అని నువ్వు అడిగితివి. అడిగినావంటే అడగడమా అది? పని మనిషిని అడిగినట్లు. నా సెవి ఎందుకో గుంజింది.

"ఇంకా పండలేదంట" అన్నా.

అంతే. నేను ముందుగా అనుకునింది కాదు. నోట్లో నుంచి వచ్చేసింది. "పొర ఇంకా పచ్చిగా ఉండాదంట, పండినాక తెమ్మన్నారు" అన్నా. నువ్వు తల ఊపితివి. యాల ఊపవు? మన ఊర్లో ముసిలోళ్లంతా అదే మాట కదా. పొర పండాల, పండితేనే సులువుగా ఊడొస్తాది, పచ్చిది పీకితే కన్ను పోతాది. బయ్యమ్మ కూడా అదే అనింది. ఆ తర్వాత నువ్వే ఊరంతా సెప్పుకోని తిరిగితివి. రచ్చకాడ ఎవురన్నా "కన్ను ఎట్లుండాది కదిరప్పా" అంటే, "ఇంకా పండలేదప్పా" అని. సేనికి కాపలా ఉండేవాడి మాదిరి సెప్తావు.

అబద్ధం సెప్పిన మనిషికి దాన్ని మోసే పని కూడా ఉండాది అంటారు. నాకు ఆ పని కూడా లేకపాయ. నువ్వే మోసినావు.

మరుసటి ఏడు కరోనా వచ్చింది, ఆస్పత్రులు మూసినారు అన్నా. ఆ మరుసటి ఏడు పోయి అడిగొచ్చినా, ఇంకా పండలేదంట అన్నా. యాడికీ పోలే. మదనపల్లి బస్టాండులో కాఫీ తాగి, కుప్పానికి ఫోన్ సేసుకోని వచ్చినా.

నీ సూపు పోతాంటే నాకు ఎట్లుండిందో సెప్పనా? మొదట నా చీర రంగు తెలీకపాయ నీకు. ఆ తర్వాత నా మొగం పాయ. ఆ తర్వాత వాకిలి. నేను నీ ఎదురుగా కాళ్లు సాపుకోని కూర్చోడం నేర్చుకుంటి. పెండ్లయినాక మొదటితూరి.

ఇంకోటి సెప్తా. సందకాడ నువ్వు అరుగు మీద సంగటి తింటాంటావు సూడు, అప్పుడు నేను నీ ఎదురుగా కూర్చోని కుప్పానికి వీడియో కాల్ సేసేదాన్ని. శబ్దం తీసేసి. ఇందు పండ్లు సూపించి నవ్వేది. బళ్లో ఇచ్చిన బొమ్మ సూపించేది. ఫోను నీ పక్కకు తిప్పితే, "తాత, తాత" అని పెదాలు కదిలించేది. నీకు రెండు బారల దూరంలో నీ మనవరాలు. నువ్వు "కారం తక్కువైంది" అనేటోడివి.

ప్రమీల మాత్రం పోరతానే ఉండింది. "అమ్మా, పండేదేమీ లేదమ్మా, అదంతా ఎనకటి మాట, నాయన్ను వెంటనే తీసకపో" అని. నర్సు కదా, దానికి తెలుసు. దానికి ఇంకో అబద్ధం సెప్పినా. "నేను పిలుస్తాండా, మీ నాయనే రానంటాండాడు. నా కూతుర్ని మింగిన ఆస్పత్రి గడప తొక్కను అంటాండాడు" అన్నా. నీ నోట్లో నుంచి వచ్చిన మాట కాదు అది. కానీ వచ్చినట్లే ఉండాది కదా? అది నమ్మింది. ఫోన్లో ఏడ్సింది. "నాయనకు అంత కోపమా ఇంకా" అనింది.

ఇంక గొర్రెల సంగతి.

నాలుగేండ్ల కింద ఆల్విన్ బండి మీద నుంచి పడినాడు. తొడ ఎముక ఇరిగింది, ఏడాది పనికి పోలే. అప్పుడు మొదట పది జీవాలను పుంగనూరు సంతకు తోలినా. ఆ తర్వాత ఇంకో పది. ఆ తర్వాత లెక్క ఎవురికి? నలభై గొర్రెల మంద నాలుగైంది. కండ్లు లేకపోయినా నీకు తెలిస్తే కత్తి తీస్తావని భయం. భయంలో బుద్ధి బాగా పనిసేస్తాది.

సందకాడ దొడ్డి వాకిట్లో రాతిగుండు మీద కూర్చుంటావు. ఒక్కొక్క గొర్రె నీ మోకాలు రాసుకోని లోపలికి పోవాల. నువ్వు ఎడమ సెవి పట్టి, రెండు గాట్లూ ఏలితో తడిమి, ఒకటి అంటావు. ఇరవై కాగానే ఒక రాయి పక్కన పెడతావు. రెండు రాళ్లు పడితే మంద సరి. కండ్లుండే కాలంలోనూ అట్లే, పోయినాకా అట్లే.

దొడ్డి ఎనక ముళ్లకంప కంచెలో సందు సేసినా. నాలుగూ నీ ముందర నుంచి లోపలికి పోతాయి, ఎనక సందులో బయటికి వస్తాయి, సుట్టు తిరిగి మల్లా నీ సేతికి వస్తాయి. పది సుట్లు. గుప్పెడు జొన్నలు సూపిస్తే సాలు, తిరుగుతాయి. ఇప్పుడు జొన్నలు కూడా వద్దు, అలవాటైపోయింది పాపం. ఆ నాలుగింటి గిట్టలు అరిగిపోయినాయి తిరిగి తిరిగి.

నువ్వేమంటివి? "మంద అంతా ఒక తీరుగా వస్తాండాదే, మన పొట్టేలు జాతి అట్లాంటిది" అంటివి. నేను కొంగు నోట్లో కుక్కుకుంటి. ఇంకో దినం "అరుపులు తగ్గినాయే" అంటివి. "అరుపులు తగ్గలే, నీకు సెవుడొస్తాండాది" అన్నా. దాన్నీ నమ్మితివి. ఆ రాత్రి నుంచి నూనె కాచి సెవుల్లో పోయించుకుంటివి.

మొదట్లో భయానికి సేసినా. ఆ తర్వాత భయం పోయింది, అయినా మానలే. నిజం సెప్పాలంటే, సందకాడ ఎప్పుడైతాదా అని కాసుకోని ఉంటాంటి.

ఒక దినం ఒక గొర్రె కుంటింది, ముప్పై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. నువ్వు సెయ్యి సాపుకోని కాసుకోనుండావు. నేను కంబళి తలకు కప్పుకోని, ఒంగి, నా సెవి నీ సేతికిచ్చినా.

అవును, నా సెవే. నువ్వు తడిమితివి. ఒక గాటు, రెండో గాటు. "దీనికి బొచ్చు రాలిపోయింది, ఏపనూనె పుయ్యి" అంటివి. నలభై అని రాయి పక్కన పెడితివి.

ఆ పొద్దు నేను అనుకుంటి. ఈయనకు సూపు రావాల. ఈయన ఇవన్నీ కండ్లతో సూడాల. ఉత్త మాటతో సెప్తే సరిపోదు. ఖాళీ దొడ్డి సూడాల. కంపలో సందు సూడాల. నా సెవి ఎలుతురులో సూడాల. సూసినప్పుడు నీ మొగం ఎట్లుంటాదో నేను సూడాల.

అయినా ఈ పొద్దు, రేపు అని జరిపినా. జరపడంలో రుచి ఉండాది. ఇంతలో పోయిన వారం కన్ను ఎర్రబారింది, తల పగిలిపోతాందని నువ్వు గోడకు కొట్టుకుంటివి, తినిందంతా కక్కితివి. రెండు దినాలు అట్లే పెట్టినా. ఆ మాట కూడా దాసను. మూడో దినం ఆటో పిలిసి ఈడికి తెస్తి.

ప్రమీలకు ఫోన్ సేసినా. "మీ నాయన ఒప్పుకున్నాడు, రేపు ఆపరేషను, ఎల్లుండి పొద్దున తొమ్మిదికి కట్టు ఇప్పుతారు, ఇందును తీసుకోని రా, మంచం కాళ్లకాడ నిలబడు, నాయన మొదట సూసేది నిన్నే కావాల" అన్నా. అది ఫోను పక్కకు ఇచ్చేసింది. ఆల్విన్ తీసుకోని, "అత్తా, ఆమె ఏడుస్తాండాది, మేం వస్తాం" అన్నాడు. ఇందు పాపకు కొత్త గౌను కూడా కొన్నారంట.

నీ మీద ప్రేమ పుట్టి కాదు ప్రమీల నాయనా. మొదట నీ బిడ్డ, ఆ తర్వాత ఖాళీ దొడ్డి, ఆ తర్వాత నా సెవి. వరసగా సూపించాలని తెస్తి నిన్ను. అంత ముచ్చటగా మనసులో కట్టుకుంటి.

డాక్టరమ్మ అర్చన నిన్న టార్చి పట్టుకోని నిన్ను అడగలే, ఎలుతురు యాపక్క ఉండాది అని? నువ్వు భలే ధైర్యంగా సెప్తివి. కుడిపక్క పెడితే ఎడమ అంటివి. ఆర్పేసి అడిగితే పైన అంటివి. ఆమె టార్చి జేబులో పెట్టుకోని నా పక్క సూసింది. "ఎన్నాళ్లుగా పెట్టుకోనుండారమ్మా దీన్ని" అనింది. పండాలని సెప్పినారు అన్నా. "మదనపల్లి మార్కెట్టుకు టమాటా ఎట్లా తెస్తారమ్మా? దోరగా ఉండంగానే కోస్తారు కదా. సెట్టుకే వదిలేస్తే ఏమైతాది" అనింది. పగిలి కారిపోతాది అన్నా. "కంట్లో అదే అయ్యింది" అనింది. నొప్పి తగ్గేదానికి ఆపరేషన్ సేస్తా, సూపు సంగతి పొర తీసి లోపల సూస్తే గానీ సెప్పలేను అనింది.

ఈ పొద్దు తీసినాక సూసింది. నన్ను బయటికి పిలిసింది. లోపల నరం తెల్లగా పాలిపోయి ఉండాదంట. ఒత్తిడికి సచ్చిపోయిందంట. నిరుడు తెచ్చినా ఏదో ఒకటి సేసుందునే అనింది. "ఎవురు సెప్పినారమ్మా నీకు పండాలని" అని అడిగింది. పెద్దోళ్లు అన్నా.

అర్థమైందా? రేపు కట్టు ఇప్పుతారు. నీకు ఏమీ కనపడదు. పాపయ్యకు వచ్చినట్లు రాదు. నల్లద్దాలు ఇస్తారు, పెట్టుకుంటావు, అంతే. నొప్పి మాత్రం ఉండదు.

నేను ఏం సేసుకునేది ఇప్పుడు? ఆరేండ్లు నీ కన్ను నా గుప్పిట్లో పెట్టుకుంటి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తెరుస్తా అనుకుంటి. నా సేతుల్లోనే కుళ్లిపోయింది. నిన్ను గుడ్డోణ్ణి సేసినానని కాదు నా ఏడుపు. నువ్వు సూడకుండానే తప్పించుకోని పోతాండావు.

ఇంకొకటుండాది. గంట కింద వరండాలోకి పోయి ప్రమీలకు ఫోన్ సేసినా. రేపు అది వచ్చి డాక్టరమ్మను అడిగితే ఏమైతాది? నరం సంగతి తెలిసిపోతాది, కాగితాలు సదువుతాది, నర్సు కదా. ఎన్నాళ్లుగా, యాల, ఎవురు ఆపినారు అంటాది. అంగళ్లు క్యాంపు దాకా పోతాది. నా బిడ్డ నా మొగం ఎట్లా సూస్తాది?

"రావద్దు" అన్నా. "మీ నాయనకు సూపొస్తాది, అయినా నీ మొగం సూడనన్నాడు, నువ్వొస్తే కట్టు ఇప్పించుకోనన్నాడు" అన్నా. అది "సరేమా, నాయన్ను బాగా సూసుకో" అని పెట్టేసింది. ఎనక ఇందు "బస్సు ఎన్నింటికమ్మా" అని అడగతాంది.

నువ్వు దానికి ఒకతూరి దినం సేస్తివి. నేను ఈ పొద్దు రెండోతూరి సేస్తి.

ఇంక సెప్పేదేమీ లేదు. ఇప్పుడు మాట్లాడు. అరుసుకో. ఒత్తిడి తగిలినా ఇంక పోయేదేమీ లేదు. అడుగు నన్ను.

ఏమంటాండావు? నిదానంగా సెప్పు.

నలభై ఉండాయా? పోయిన వారం కూడా సందకాడ నీ సేత్తో లెక్కపెట్టినావా? రెండు రాళ్లూ పడినాయా? పిచ్చిముండా, యాల ఉత్త మాటలు సెప్తావు అని నన్ను అంటాండావా?

అబ్బ, నువ్వు నమ్మవు కదా. కన్ను అబద్ధమంటే నమ్ముతావేమో. సెయ్యి అబద్ధమంటే ఎట్లా నమ్ముతావు. ఆ సంగతి నాకు తట్టలే సూడు.

ఇదో నా సెవి. ఇదో, పట్టుకో. తడుము. తెలిసిందా?

యాల తీసేస్తివి సెయ్యి? ఏం? సందకాడైతాంది, గొర్రెలను ఎవురు తోలుతారంటావా?

బయ్యమ్మకు సెప్పొచ్చినాలే. తోలుతాది. అన్నీ బాగుండాయి. నువ్వు తల తిప్పొద్దు, పండుకో. రేపు మధ్యాన్నం బస్సుకు ఊరికి పోదాం. సందకాడ గుండు మీద కూర్చో, నేను తోలుకొస్తా, లెక్కపెట్టుకో.

ఎన్ని వస్తాయంటావా? నీకు ఎన్ని కావాలో అన్ని వస్తాయి.